పుట్టి గుండ్రంగా ఎందుకుంటుంది?

 

ఇవాళ పట్టాలు అందుకున్న మీకు ఎప్పుడైనా పరీక్ష పోయిన రోజున ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు, "ఏం పుట్టి మునిగిందని ఆ ఏడుపు?" అని. తెలుగువాళ్ళందరూ అనే మాటే ఇది. అయితే పుట్టి అనే ఆ వెదురు బుట్ట పడవను కళ్ళతో చూసి, అందులో కూర్చుని ఏరు దాటినవాళ్ళు వాళ్ళలో కొందరే. ఆ కొందరిలో కృష్ణ ఒడ్డున బీచుపల్లి రేవు వాళ్ళం మనం. అందుకే ఇవాళ మీతో పుట్టి గురించి మాట్లాడాలని వచ్చాను.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని మొదటిసారి పుట్టి ఎక్కాను. నది నడుమకు రాగానే అది గిర్రున తిరిగింది. భయపడి లేచి నిలబడ్డాను. తెడ్డు వేస్తున్న తాత గద్దించలేదు. "లేవొద్దు బిడ్డా, కింద కూసో. నువ్వు గట్టిగుంటే పుట్టి గట్టిగుంటది" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు కాలేజీలో గరిమనాభి పాఠం విన్నప్పుడు నాకు ఆయన గొంతే వినిపించింది.

పడవ అనగానే మనకు కోరంగి గుర్తొస్తుంది. గోదావరి సముద్రంలో కలిసే చోట, యానాం పక్కన, తెలుగువాళ్ళు చెక్క ఓడలు కట్టిన రేవు అది. అక్కడి నుంచి ఎంతమంది బర్మా వెళ్ళారంటే, ఆ దేశంలో తెలుగువాడికి కోరంగీ అనే పేరే స్థిరపడింది. 1839 నవంబరు 25న వచ్చిన తుఫాను ఆ రేవును తుడిచిపెట్టేసింది. అయినా పక్కనున్న తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే పని తర్వాత కూడా సాగింది. మరి అంత ఓడ మన దగ్గర ఎందుకు కట్టలేదు? మనవాళ్ళకు చేతకాక కాదు. మన కృష్ణ వేరు. ఇక్కడ నది అడుగంతా రాయి. ఎండాకాలంలో బండల నడుమ పాయలుగా చీలిపోతుంది, వానాకాలంలో ఒడ్లు ఒరుసుకుంటూ పారుతుంది. లోతుకు దిగే చెక్క పడవ ఇక్కడ మొదటి బండకే పగులుతుంది. పుట్టి జానెడు నీళ్ళలో తేలుతుంది. బండ తగిలితే వెదురు కొంచెం వంగి, పుట్టి పక్కకు తిరిగి జారిపోతుంది. సాయంత్రం పని అయిపోయాక ఒక్క మనిషి దాన్ని నెత్తిన బోర్లించుకుని ఇంటికి తీసుకుపోతాడు.

లెక్కల విద్యార్థులు ఇక్కడ ఎవరున్నారు? ఒకే పొడవున్న అంచుతో ఒక చదరం, ఒక వృత్తం గీయండి. వృత్తంలో నాలుగోవంతుకు పైగా ఎక్కువ చోటు వస్తుంది. అంటే అంతే పొడవు అంచుతో అల్లినా ఎక్కువ మంది పడతారు. రెండు మీటర్ల వెడల్పున్న పుట్టి నీళ్ళలో పది సెంటీమీటర్లు దిగిందంటే తన బరువుతో కలిపి సుమారు మూడు వందల కిలోలు మోస్తున్నట్టు. బడికి పోని చేతులు ఈ లెక్కను బద్ద మీద బద్ద వేసి అల్లాయి.

ఎన్ని తరాలుగా అల్లుతున్నారు? 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు దొమింగో పాయిష్ ఆనెగొంది దగ్గర తుంగభద్ర మీద వీటిని చూశాడు. లోపల బద్దలు, పైన తోలు అని రాశాడు. పదిహేను ఇరవై మంది ఎక్కుతారనీ, గుర్రాలూ ఎద్దులూ కూడా దాటుతాయనీ, పడవ తిన్నగా పోకుండా తిరుగుతూ పోతుందనీ రాశాడు. నన్ను భయపెట్టిన ఆ గిరగిర ఆయన కంట కూడా పడింది! ఆ తుంగభద్రే మనకు దిగువన ఆలంపురం దాటి కృష్ణలో కలుస్తుంది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే కృష్ణ దాటింది కూడా ఎద్దుతోలు కప్పిన బుట్టల్లోనే. సరుకు తడవకుండా అడుగున కట్టెలు పేర్చి, మీద తివాచీలు పరిచేవారట. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన ఆర్థర్ వెల్లస్లీ 1803 మరాఠా యుద్ధంలో దక్కన్ నదులు దాటడానికి బుట్ట పడవలు అల్లించుకున్నాడు. ఒకప్పుడు టైగ్రిస్ మీద మన పుట్టికి చుట్టాలుండేవి; వియత్నాం తీరంలో, వేల్స్ నదుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే సంగతి మరొకటుంది. వెదురు చీల్చి అల్లింది మేదరి. తంగేడు చెక్కతో తోలు ఊనింది మాదిగ. తెడ్డు పట్టింది బెస్త. ముగ్గురి విద్య కలిస్తేనే ఒక పుట్టి. ఊళ్ళో వీళ్ళ ఇళ్ళను దూరం దూరంగా ఉంచిన సమాజమే, ఏరు దాటాల్సి వచ్చేసరికి ఆ ముగ్గురి చేతుల మీద ప్రాణం పెట్టుకుని కూర్చుంది. పంట వచ్చినప్పుడు కళ్ళంలో నాలుగు గింజలు కొలిచిపోసి రుణం తీరిందనుకుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే సామెత ఊరికే పుట్టలేదు. ఆ విద్యలోని కొలతల్లో మనం కాగితం మీద పెట్టినవి చాలా తక్కువ. ఇది నన్ను బాధపెడుతుంది.

పుట్టిని పాత వస్తువుగా చూపించి మురిసిపొమ్మని నేను అడగడం లేదు. 2007లో కొల్లాపూర్ దగ్గర మంచాలకట్ట రేవులో పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. పాలమూరులో పుట్టి మునగడమంటే ఉత్త నుడికారం కాదు. ఎగువన జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు గుర్రంగడ్డ దీవి చుట్టూ నీళ్ళు ఎలా పెరుగుతాయో ఆ ఊరి పిల్లలు ఇక్కడుంటే మీకు చెబుతారు. తోలు పోయి పాలిథిన్ పట్టా, తారు వచ్చాయి. పుట్టి తేలికపడింది, కానీ చిరిగితే లోపలికి వచ్చే నీళ్ళు అవే. ఎంత బరువు దాకా ఎక్కించవచ్చో అంచు మీద రంగు గీతతో చూపించలేమా? అడుగున ఖాళీ డబ్బాలు బిగిస్తే మునిగినా తేలుతుందా? ఇవి ఎవరో పెద్ద సంస్థ వచ్చి తేల్చాల్సినవి కావు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు, భౌతికశాస్త్రం చదివినవాళ్ళు, ఒక వేసవి, ఒక పుట్టి ఉంటే తేలిపోతాయి. తెలుగు, చరిత్ర చదివినవాళ్ళకు పని ఇంకా తొందరగా ఉంది. అల్లిక వరసల్లో ఒక్కోదానికీ పేరుంటుంది. ఆ పేర్లు తెలిసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు.

2016 కృష్ణా పుష్కరాలకు ఈ రేవులో లక్షల మంది మునిగి లేచారు. ఇప్పుడు మన ఘాట్ మెట్లు వెడల్పు, జాతీయ రహదారి వంతెన మీద లారీలు ఆగకుండా పోతాయి. నదిని ముట్టుకోకుండానే దాటే రోజులివి. దానికి నేను సంతోషిస్తాను కూడా, మా అమ్మ పడిన భయం మీ అమ్మలకు లేదు కదా.

భోజనాలయ్యాక నేను ఆంజనేయస్వామి గుడి దాటి కిందికి రేవుకు వెళ్తున్నాను. అక్కడ ఒక పెద్దాయన కొత్త పుట్టికి అడుగు అల్లుతున్నాడు, పొద్దున మాట్లాడి వచ్చాను. రావాలనుకున్నవాళ్ళు కొలత టేపు, నోటు పుస్తకం తెచ్చుకోండి. కొలిచే ముందు ఆయన్ని అడగండి. ఆయన మొదట చేత్తో కొలిచి చూపిస్తానన్నాడు.