రక్తం పలచబరచే మాత్ర - ప్లేట్‌లెట్ల సంగతి



నేను డాక్టరును కాను, ఫైళ్లు మోసిన గుమాస్తాను. ఆరేళ్లుగా ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను గనుక దాని సంగతి తెలుసుకున్నాను.

దీన్ని రక్తం పలచబరచే మాత్ర అంటాం గాని, రక్తం చిక్కదనం ఏమీ మారదు. మారేది ప్లేట్‌లెట్ల నడవడి. ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. నాళానికి గాయమైతే ఒకదాన్నొకటి పిలుచుకుని, అతుక్కుని గండి పూడుస్తాయి. ఆ పిలుపుల్లో ఒకటి థ్రాంబాక్సేన్. గుండె నాళంలో పేరుకున్న కొవ్వు చిట్లినా ఇదే పని చేస్తాయి, అప్పుడదే గుండెపోటు. థ్రాంబాక్సేన్ తయారీకి కావలసిన ఎంజైముకు ఆస్పిరిన్ శాశ్వతంగా తాళం వేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైము చేసుకోలేదు. బతికే వారం పది రోజులూ సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగిలా పేరు రిజిస్టరులో ఉంటుంది, పని జరగదు. అందుకే రక్తపరీక్షలో లెక్క తగ్గదు. రోజూ సుమారు పదోవంతు కొత్తవి చేరతాయి గనుక మాత్ర రోజూ వేసుకోవాలి.

క్లోపిడోగ్రెల్ ఏ.డి.పి. అనే మరో పిలుపు వినబడకుండా చేస్తుంది. అసిట్రాం వేరే సెక్షను. అది విటమిన్ కె తో తయారయ్యే పదార్థాల మీద పనిచేస్తుంది. ఆకుకూరల పేచీ దానితోనే. మా ఇంట్లో నాకు రెండేళ్లు గోంగూర పెట్టలేదు, అనవసరంగా!

ఒకసారి పన్ను తీయించుకోవాలని, ఎవరో చెప్పగా రెండు రోజులు మాత్ర మానేశాను. రెండు రోజుల్లో మారేది ఐదోవంతే. రక్తం కాసేపు ఊరింది, గుడ్డ గట్టిగా కరిచిపడితే ఆగింది. అసలు మానక్కరలేదని పళ్ల డాక్టరు కేకలేశారు.

మన సభ్యులొకరిది అంత తేలికగా పోలేదు. స్టెంటు వేసిన మూడో నెలలో చేతిమీద కమిలిన మచ్చలు చూసి భయపడి, రెండు మాత్రలూ తనంతట తానే మానేశారు. పదకొండో రోజున స్టెంటులోనే గడ్డ కట్టింది. దైవకృపవల్ల బతికారు. ఇది చెప్పమన్నది ఆయనే.

మోకాళ్ల నొప్పికి ఐబుప్రోఫెన్ కొనుక్కునేవారు మనలో చాలామంది. అది ముందు మింగితే ఎంజైములో ఆస్పిరిన్ చోటు అడ్డగిస్తుంది, పైగా కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మలం తారులా నల్లగా వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. డెంగ్యూ అనుమానమున్న జ్వరంలో ఈ మాత్రల సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి. గుండెజబ్బు లేనివారు, పక్కింటాయన వేసుకుంటున్నాడని మొదలుపెట్టవద్దు.

జేబులో పెట్టుకునే మాత్రల చీటీ నమూనా ఒకటి రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.