పట్టణపు పచ్చదనము – పల్లెకు పాఠము
(పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగపాఠము)



నేడు మనము హైదరాబాదు నగరములోని చెట్లను గూర్చియు, మిద్దెతోటలను గూర్చియు ముచ్చటించుకొందము. పట్నపు తోటలతో పల్లె పంచాయతీకి పని యేమి అని కొందరికి తోచవచ్చును. పని కలదు. నగరము పోగొట్టుకొన్నది మన యొద్ద ఇంకను మిగిలియున్నది. పోయినదానిని తిరిగి తెచ్చుకొనుట ఎంత శ్రమయో, ఎంత వ్యయమో ఆ నగరమే మనకు చూపుచున్నది.

హైదరాబాదు ఒకప్పుడు తోటలకు పేరొందిన నగరము. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్ లింగంపల్లి అను పేర్లలోని 'బాగ్' అను మాటకు తోట యని అర్థము. ఆ పేర్లు నిలిచినవి గాని, ఆ తోటలు చాలవరకు ఇండ్లుగను, అంగళ్లుగను మారినవి. మాసబ్ ట్యాంక్ అను పేరు విని చెరువును వెదకుకొని పోయిన వానికి అచట చెరువు కానరాదు.

పశ్చిమమున జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములు మొదట రాతి గుట్టలు. 1970 దశాబ్దమున అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పినది ఇట్టి గుట్టలపైననే. తరువాత చలనచిత్ర పరిశ్రమయు, గృహములును ఆ కొండలను నింపివేసినవి. వాటి నడుమ ఒక వనము మాత్రము నిలిచినది. అదియే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము. 350 ఎకరములకు మించిన ఆ భూమిని 1998లో జాతీయ వనముగా ప్రకటించిరి. నేటికిని అచట నెమళ్లు తిరుగుచున్నవి. ఆ వనము నిలుచుటకు కారణము అదృష్టము కాదు. దానికి చట్టరక్షణ లభించుటయే.

పోయిన పచ్చదనమును తిరిగి తెచ్చు యత్నమును జరిగినది. 2015లో రాష్ట్రమున హరితహారము ఆరంభమైనది. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ననుసరించి, హైదరాబాదులో అటవీ విస్తీర్ణము 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు. 2021 నాటికి 81.81 చదరపు కిలోమీటర్లు. ఇచట అడవి యనగా రిజర్వు అడవి యొక్కటే కాదు. హెక్టారుకు తగ్గని జాగాలో చెట్ల నీడ పదవ వంతైనను పరచుకొన్నచో, ఆ భూమి ఎవరిదైనను లెక్కలో చేరును. కావున ఉద్యానములు, తోపులు గూడ ఇందులో కలిసియున్నవి. 2022లో దక్షిణ కొరియాలోని జెజూలో హైదరాబాదునకు ప్రపంచ హరిత నగర పురస్కారము లభించినది. ఇది సంతోషింపదగిన విషయము.

అయినను నగరము నడిబొడ్డున చూడుడు. యూసుఫ్‌గూడకును అమీర్‌పేటకును నడుమ మధురానగర్ అను కాలనీ కలదు. ఇట్టి కాలనీలలో ఇల్లు ఇంటిని ఒరసికొని యుండును. మొక్క నాటుటకు జానెడు నేల దొరకుట కష్టము. అందుచేత నగరవాసులలో కొందరు మిద్దెల మీదికి ఎక్కిరి. కుండీలలోను సంచులలోను ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపి తోటకూర, పాలకూర, మెంతి, వంగ, టమాట పండించుచున్నారు. వంటింటి తొక్కలను ఎరువుగా మార్చుచున్నారు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నగర శివారున తమ ఇంటిపై తోట పెంచి, మిద్దెతోటల ప్రచారమునకు పూనుకొనిరి.

మిద్దెతోట మంచిదే. ఇంటికి ఆకుకూర వచ్చును, పిల్లలకు మొక్క యనిన తెలియును, చెత్త తగ్గును. కాని మట్టిని వెలపెట్టి కొని మెట్లెక్కింపవలెను. కప్పు బరువు మోయగలదో లేదో చూచుకొనవలెను. నీరు కారకుండ జాగ్రత్తపడవలెను. ఇంత చేసినను నగరమునకు కావలసిన కూరగాయలన్నియు మిద్దెపై పండవు. 1999లో ఆరంభమైన రైతుబజారులకు నేటికిని శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు పల్లెల రైతులు పండించిన కూరగాయలే ఆధారము. క్యూబా దేశములో 1991 తరువాత సోవియట్ సహాయము నిలిచి, చమురు, ఎరువులు కరవైనప్పుడు, హవానా నగర ప్రజలు ఖాళీ స్థలములలో కూరగాయలు పండించుకొనిరి. ఖాళీ స్థలము మిగిలియుండుటవలననే అది సాధ్యమైనది.

ఇక మన సంగతి. నగరము నానాటికి మన వైపు జరుగుచున్నది. 2024లో బాహ్యవలయ రహదారి పరిసరములలోని 51 గ్రామ పంచాయతీలు సమీప పురపాలక సంఘములలో కలిసినవి. రేపు మన వంతు రావచ్చును. అప్పుడు చెరువు, తోపు, బంజరు ఏ స్థితిలో నుండునను ప్రశ్నకు నేటి పంచాయతీయే జవాబుదారి.

కాబట్టి మూడు పనులు మనవి చేయుచున్నాము. మొదటిది: గ్రామములోని చెరువు శిఖము, కుంటలు, వాగుగట్లు, ఉమ్మడి భూములు ఎన్ని ఎకరములో, హద్దులెచటనో రికార్డులు తెప్పించి, గ్రామసభలో చదివి వినిపింపుడు. పదిమందికి తెలిసిన హద్దును చెరపుట కష్టము. రెండవది: లేఅవుటు వేయువారు ప్రజోపయోగమునకు విడిచిన స్థలమును పంచాయతీ పేర వ్రాయించుకొని, వెంటనే కంచె వేసి చెట్లు నాటుడు. ఊరక విడిచిన స్థలము తరువాత ఎవరి ప్లాటుగానో మారును. మూడవది: 2018 పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో 85 శాతము బ్రతుకవలెనని కోరుచున్నది. ఎన్ని నాటితిమన్న లెక్కకన్న, మూడు వేసవులు దాటి ఎన్ని నిలిచినవన్న లెక్క ముఖ్యము. నీరు పోయువారెవరో పేరు పేరున నిర్ణయింపుడు. బడిలో, అంగన్‌వాడీలో చేతులు కడిగిన నీరు వృథాగా పోకుండ నాలుగు మునగ, కరివేపాకు మొక్కలకు మళ్లింపుడు.

నగరవాసి నేడు సంచులలో మట్టిని మిద్దెకు మోసుకొని పోవుచున్నాడు. మన మట్టి మన కాళ్ల క్రిందనే యున్నది. దానిని కాపాడుటకు సొమ్ముకన్న ముందు సభలో ఒక తీర్మానము, ఆ తీర్మానమును నిలుపు పట్టుదల కావలెను. వచ్చు గ్రామసభలోనే ఆ పనికి పూనుకొందురని ఆశించుచు, సెలవు తీసుకొనుచున్నాము.