పది పౌనుల ప్రయాణము

వలస యనగానే మనకు తోచునది బీదవాని వలస. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి రంగూను ఓడలెక్కిన కూలీలు, ఒడంబడిక కాగితములపై వ్రేలిముద్రలు వేసి మారిషసుకును, నేటాలుకును, ఫిజీకిని పోయినవారు మన కన్నులయెదుట నిలుతురు. ఆంగ్లేయుడు సముద్రము దాటెనన్నచో దొరయై దాటెననుకొనుట మనకు అలవాటు. కాని రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, ముప్పది సంవత్సరములు నిండకమునుపే, పది లక్షలకు పైబడిన బ్రిటిషు జనులు ఆస్ట్రేలియాకు తరలిపోయిరి. వారు దొరలు కారు. వడ్రంగులు, తాపీపనివారు, నర్సులు, బస్సు కండక్టర్లు, ఫ్యాక్టరీ కార్మికులు. వారి భార్యలు, బిడ్డలు. నేటి ప్రసంగములో వారిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

1945లో ఆస్ట్రేలియా ప్రభుత్వము వలస వ్యవహారములకొరకు ప్రత్యేకముగా ఒక శాఖను నెలకొల్పెను. దానికి తొలి మంత్రి ఆర్థర్ కాల్వెల్. 1942లో జపాను విమానములు డార్విను పట్టణముపై బాంబులు కురిపించిన భయము ఆ దేశమునకు ఇంకను తీరలేదు. ఖండమంత దేశము, జనులు 75 లక్షలకు లోపు. జనమును పెంచుకొనవలెను, లేదా నశింపవలెను అనునది ఆనాటి నినాదము. 1947లో అమలులోనికి వచ్చిన ఒప్పందము ప్రకారము బ్రిటనునుండి వచ్చు పెద్దవారు ఒక్కొక్కరు 10 పౌనులు చెల్లించిన చాలును. పిల్లలకు ప్రయాణము ఉచితము. అసలు ఓడ చార్జీ నూరు పౌనులకు పైమాటే. షరతు ఒక్కటి కలదు: రెండు సంవత్సరములైనను అచ్చట నుండవలెను. ముందే వెడలదలచినవారు ప్రభుత్వము భరించిన చార్జీని తిరిగి కట్టి, మరలివచ్చు ఖర్చును తామే పెట్టుకొనవలెను. కూలివాని చేతిలో అంత సొమ్ము ఎక్కడిది? ఇనుపగొలుసు లేదు గాని, గడువు మాత్రము గొలుసువంటిదే.

ఇంగ్లండు యుద్ధములో గెలిచినది. కాని గెలిచిన యింట తిండికి కరవు. 1946లో రొట్టెకు సైతము రేషను పెట్టిరి. రేషను పద్ధతి పూర్తిగా తొలగుటకు 1954 వరకు పట్టెను. బాంబులకు కూలిన యిండ్లు కూలినట్లే యుండెను. క్రొత్తగా పెండ్లియైన దంపతులు అత్తవారింట ఒక్క గదిలో తలదాచుకొనుచుండిరి. 1947 నాటి శీతకాలము మంచుతో జనులను మరింత బాధించెను. అట్టి దినములలో ఎండయు, సముద్రపుటొడ్డును, స్వంత యిల్లును చూపు చిత్రపటము గోడపై కనబడిన మనసు చలింపదా?

టిల్బరీలోనో సౌతాంప్టనులోనో ఓడ యెక్కి, సూయజు కాలువ దాటి, ఏడెను, కొలంబోల మీదుగా పోవుటకు నెల పైచిలుకు పట్టెడిది. పెక్కుమందికి ఆ ప్రయాణమే జీవితమునందలి మొదటి విశ్రాంతి. భోజనపుబల్లపై తెల్లరొట్టె, నారింజపండ్లు, కోరినంత మాంసము. దిగిన పిమ్మట అసలు కథ మొదలయ్యెను.

బంధువులు గాని, పని యిచ్చినవారు గాని బస చూపనివారిని ప్రభుత్వము హాస్టళ్ళకు చేర్చెడిది. అవి సైన్యము విడిచిన నిస్సెను గుడిసెలు: ముడుతల యినుపరేకును సగము పీపావలె వంచి నేలపై బోర్లించిన కట్టడములు. ఎండ కాయగానే లోపల పెనమే. చాలచోట్ల స్వంతముగా వండుకొను వీలులేదు, అందరును ఒక్క భోజనశాలకు పోవలెను, తరచుగా గొఱ్ఱెమాంసమే. ఇల్లాలికి వంటయిల్లు లేకపోవుట యెంతటి లోటో మన యాడువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1952లో హాస్టలు రుసుము పెంచినపుడు కొందరు అద్దె చెల్లింపము పొమ్మని సమ్మె కట్టిరి.

ఇక భాష సంగతి. భాష ఒకటే గదా, కష్టమేమున్నదని తలంపవచ్చును. మా దృష్టిలో కష్టమంతయు అచ్చటనే యున్నది. విందుకు పిలుచుచు పొరుగువారు “వచ్చునపుడు ఒక ప్లేటు తెండు” అందురు. క్రొత్తగా వచ్చినామె, పాపము, వారి యింట పళ్ళెములు చాలవు కాబోలునని ఖాళీ పళ్ళెము పట్టుకొని పోవును. అచ్చట ఆ మాటకు అర్థము, ఏదైన వంటకము చేసి తెమ్మని. ఇట్టి కథను ఆనాటివారు పలువురు చెప్పుకొని నవ్వుకొనుచుందురు. ఆనాడు మాత్రము నవ్వు వచ్చియుండదు. క్రిస్మసు పండుగ మన రోహిణీకార్తె వంటి యెండలో వచ్చును. మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరదిక్కున నుండును. రాజు ఒకడే, జెండా మూలలో తమ జెండాయే. అయినను నోరు విప్పగానే “పామ్” అను పిలుపు. ఏదైన బాగులేదన్నచో, సణుగుడు పామ్ అను బిరుదు అదనము.

అదే కాలమున ఇటలీనుండి, గ్రీసునుండి వచ్చినవారికి కష్టములు తక్కువ కావు. పైగా భాష రాదు. కాని వారు పరదేశులని అందరకు తెలియును, వారికిని తెలియును. వారు తమవారిని వెదకికొని ఒక వీధిలో చేరిరి. తమ వంట, తమ పండుగ నిలుపుకొనిరి. ఆంగ్లేయుడు స్వంతయింటికి పోవుచున్నాననుకొని పోయెను. అతనికి పరదేశి యగుటకు అనుమతి లేదు. ఇంటిపై బెంగ పెట్టుకొనుటకును లేదు. హామర్టను, థామ్సను అను చరిత్రకారులు వీరి జ్ఞాపకములను, జాబులను సేకరించి 2005లో ఒక గ్రంథము వెలువరించిరి. కంటికి కనబడని వలసవారని వీరికి వారు పెట్టిన పేరు తగియున్నది.

బెంగ యెక్కువగా స్త్రీలకు దక్కెను. మగవానికి పనియు, పనిలో స్నేహితులును కలరు. పట్టణపు టంచున రోడ్డైనను పడని క్రొత్త పేటలో ఇల్లాలు పసిబిడ్డతో దినమంతయు ఒంటరి. బిడ్డకు జ్వరము వచ్చిన అడుగుటకు అమ్మ లేదు. టెలిఫోనులో మాటాడుట ధనికుల ముచ్చట; ఉన్నది విమానపు జాబు. తల్లి పోయినదన్న తంతి వచ్చిన దినమున పోయి చూచుట యెట్లు?

వచ్చినవారిలో సుమారు నాలుగవవంతు మరలిపోయిరి. విచిత్రమేమనగా, అట్లు పోయినవారిలో దాదాపు సగముమంది మరల ఆస్ట్రేలియాకే వచ్చిరి! బూమరాంగులని వారికి పేరు. ఇంగ్లండులో దిగిచూడగా వీధి చిన్నదైనది, స్నేహితులు చెదరినారు, వాన మాత్రము ఆగలేదు. వారి తలపులలోని ఊరు ఓడ యెక్కిననాటి ఊరు. దానికి టికెట్టు ఏ కంపెనీయు అమ్మదు.

నిలిచినవారిలో పెక్కుమంది బాగుపడిరి. 1955లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాణిపేర వెలసిన ఎలిజబెత్తు పట్టణము చాలవరకు వీరితోనే నిండెను. అచ్చటి హోల్డెను మోటారు కార్ఖానా వేలమందికి అన్నము పెట్టి 2017లో మూతపడెను. 1966లో వేల్సునుండి రొమ్ము జబ్బుగల పసిపిల్లతో ఒక కుటుంబము వచ్చెను. ఆ పిల్ల జూలియా గిలార్డు 2010లో దేశమునకు ప్రధానమంత్రి అయ్యెను. తలిదండ్రులు తోడులేక సంస్థల ద్వారా పంపబడిన పిల్లల గాథ మాత్రము వేరు, ఘోరము. దానికై ఆస్ట్రేలియా ప్రధాని 2009లోను, బ్రిటను ప్రధాని 2010లోను క్షమాపణ చెప్పిరి.

పది పౌనుల ద్వారము తెల్లవారికి తెరచియున్న దినములలో మనవారికి ఆ దేశపు ద్వారము మూసియుండెనని మరువరాదు. 1901 నాటి చట్టము ప్రకారము వలదన్న మనిషిని ఏదో యొక ఐరోపా భాషలో డిక్టేషను వ్రాయుమని త్రిప్పిపంపెడివారు. ఆ పరీక్ష 1958లో పోయెను. వర్ణభేద విధానము 1973లో పూర్తిగా తొలగెను. 2021 జనాభా లెక్కలలో అచ్చటి విదేశజాతులలో ఇంగ్లండున పుట్టినవారిది మొదటి స్థానము, భారతదేశమున పుట్టినవారిది రెండవది. నేడు మెల్బోర్నులో తెలుగు ఇల్లాలు తల్లితో ఫోనులో ముఖము చూచుచు మాటాడుచున్నది. ఆనాటి ఇంగ్లీషు ఇల్లాలికి ఆ భాగ్యము లేదు.

ఆ తరమువారు ఇప్పుడు ముసలివారు. బ్రిటనులో కొన్నాళ్ళు పనిచేసి చందా కట్టినవారికి ఆ దేశపు పింఛను కొంత వచ్చును. కాని ఆస్ట్రేలియాలో నివసించువారికి ఏటేట పెంపు లేదు. మొదట అందుకొన్న అంకె మొదటి అంకెగనే నిలిచిపోవును. బిడ్డలయొద్ద చేరుటకు ముదిమిలో వచ్చిన తలిదండ్రులకును ఇదే గతి. దీనిపై ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము దాక పోయిన దావా 2010లో వీగిపోయెను. ఒకే యేట ఒకే చందా కట్టిన ఇద్దరు తోటి పనివారలలో ఒకడు లీడ్సులోను, ఒకడు పెర్తులోను ముసలివాడైనంతమాత్రమున ఇంత భేదమేల? మాకు ఇది న్యాయముగా తోచదు. పెర్తులోని యాతడు ప్రతి యేప్రిలులోను లీడ్సు పెంపు వార్తను రేడియోలో వినుచునే యున్నాడు.