చొప్పలో నిలిచిపోయిన నత్రజని

ఈరోజు వ్యవసాయ, పశువైద్య పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ మనస్ఫూర్తిగా అభినందనలు.

నేను సూరత్ నుంచి వచ్చాను. ఆ పేరు వినగానే మనవాళ్లకు చీరలు, వజ్రాలు, మరమగ్గాలు నమ్ముకుని వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు గుర్తొస్తాయి. నేను ఆ ఊరిని పశుగ్రాసం వైపు నుంచి చూస్తాను. తాపీ నది సముద్రంలో కలిసే చోట, హజీరాలో, క్రిభ్‌కో వారి యూరియా కర్మాగారం ఉంది. ఊళ్లోనే అఠ్వా ఫార్మ్‌లో నవ్‌సారి వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి జొన్న పరిశోధనా కేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెల పాలు 1951లో మొదలైన సుముల్ డెయిరీకి చేరతాయి. ఎరువు, మేత, పాలు మూడూ అక్కడే ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపేది జొన్న ఆకులోని ఒక ఎంజైము. నేను ఈరోజు మాట్లాడదలచుకున్నది దాని గురించే.

కర్మాగారంలో గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చాలంటే 400 డిగ్రీలకు పైబడిన వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. ఆ అమ్మోనియాను యూరియా చేసి, 45 కిలోల బస్తాలో నింపి పంపిస్తారు. ఒక్కో బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. చేలో చల్లాక నేలలోని సూక్ష్మజీవులు దాన్ని మళ్లీ అమ్మోనియా చేసి, ఆపైన నైట్రేటుగా మారుస్తాయి. వేరు ఎక్కువగా పీల్చుకునేది ఆ నైట్రేటునే. దాన్ని నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైము నైట్రైటుగా, నైట్రైట్ రిడక్టేజ్ అనే మరో ఎంజైము అమ్మోనియాగా మారుస్తాయి. అక్కడి నుంచి అమైనో ఆమ్లాలు, మాంసకృత్తులు తయారవుతాయి. కర్మాగారం మంటలు పెట్టి చేసిన అమ్మోనియాను ఆకు ఎండ వెలుగులో చల్లగా మళ్లీ తయారు చేస్తుంది. నాకు ఇది ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

నేను మొదట చెప్పిన ఎంజైము ఈ నైట్రేట్ రిడక్టేజే. దానికి ఒక స్వభావం ఉంది. నైట్రేటు అందితేనే మొక్క ఆ ఎంజైమును ఎక్కువగా తయారు చేస్తుంది. అందుకే యూరియా వేసిన కొత్తలో దాని పని ఊపందుకుంటుంది, గడ్డి నల్లటి పచ్చదనంతో ఏపుగా లేస్తుంది. ఆ ఊపుకు హద్దు ఉంది. ఎంజైము పనిచేయడానికి కిరణజన్య సంయోగక్రియ ఇచ్చే చక్కెరలు కావాలి, మాలిబ్డినం కావాలి, వెలుతురు కావాలి. చీకటి పడ్డ నిమిషాల్లోనే అది మందగిస్తుంది. బెట్ట తగిలితే పడిపోతుంది. దాని ఆయుష్షు కొద్ది గంటలే. కొత్తది తయారు కాకపోతే ఉన్నదీ పోతుంది. వేరు మాత్రం నైట్రేటును లాగుతూనే ఉంటుంది. మగ్గం ఆగినా నూలు వచ్చి పడుతూంటే గుట్టలు పేరుకుపోతుంది కదా, కాండంలోనూ అంతే.

ఆ గుట్ట ఎక్కడ పేరుకుంటుందో గమనించండి. కాండం అడుగుభాగంలో ఎక్కువ, ఆకుల్లో తక్కువ, గింజలో దాదాపు ఉండదు. చలికాలంలో సూరత్ వాళ్లు ఎంతో ఇష్టంగా తినే పోంక్, అంటే మన జొన్న ఊచబియ్యం, నిశ్చింతగా తినొచ్చు. అదే మొక్క మొదలు మాత్రం ఆకలిగా ఉన్న గేదె ప్రాణం తీయగలదు.

ఇది యూరియాతోనే పుట్టిన జబ్బు అనుకోకండి. 1895లో అమెరికాలోని కాన్సస్‌లో ఎన్.ఎస్. మేయో మొక్కజొన్న చొప్ప తిని చనిపోయిన పశువుల గురించి రాస్తూ, కారణం చొప్పలోని పొటాషియం నైట్రేటు అని చూపించాడు. అప్పటికి రైతు చేతిలో యూరియా బస్తా లేదు. పెంట ఎక్కువైన నేలలోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి "ఎకరాకు ఎన్ని బస్తాలు?" అన్న ప్రశ్నకు అంకె చెప్పి ఊరుకుంటే సరిపోదు. బస్తా పడ్డాక వానలు ముఖం చాటేశాయా, మబ్బు పట్టిందా, బెట్ట తర్వాత మొన్ననే వాన పడి గడ్డి ఒక్కసారిగా నీరు పీల్చుకుందా? ఇవి అడగని సలహా సగం సలహానే.

పశువైద్య పట్టభద్రులకు ఇంకో మాట. జొన్న తిని పశువు పడిపోతే ఊళ్లో అందరూ "నాము తగిలింది" అంటారు. లేత జొన్నలో, బెట్ట తగిలిన పిలకల్లో ఆ నాము, అంటే సైనైడ్ విషం, ఉంటుంది, నిజమే. కానీ నైట్రేటూ అదే జొన్నలో, అదే బెట్టలో ఉంటుంది. సైనైడ్ తగిలితే రక్తం మామూలుకన్నా ఎర్రగా మెరుస్తుంది. నైట్రేటు తగిలితే చాక్లెట్ రంగులోకి తిరుగుతుంది, ఎందుకంటే కడుపులో నైట్రేటు నుంచి పుట్టిన నైట్రైటు హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని మెథెమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది. సైనైడ్‌కు విరుగుడుగా మనం ఎక్కించేది సోడియం నైట్రైట్, థయోసల్ఫేట్. నైట్రేటు తగిలిన పశువుకు ఆ నైట్రైటే ఎక్కిస్తే మన చేత్తోనే చంపినట్టు. దానికి కావలసింది మిథిలీన్ బ్లూ. రెండు చుక్కల రక్తం రంగు చూడకుండా ఎప్పుడూ తొందరపడకండి.

ఎండబెడితే సైనైడ్ చాలావరకు ఎగిరిపోతుంది, నైట్రేటు పోదు. ఎండు చొప్పలోనూ అలాగే ఉంటుంది. పాతర వేస్తే పులియడంలో కొంతవరకు తగ్గుతుంది. తేమ తీసేసి లెక్కగడితే మేతలో నైట్రేటు అర శాతం లోపుంటే సాధారణంగా భయం లేదు, ఒక శాతం దాటితే ప్రమాదం. చూడి పశువుల విషయంలో ఇంకా జాగ్రత్త. అనుమానం ఉంటే మొదలు జానెడు వదిలి పైన కోయమనండి, మధ్యాహ్నం ఎండ తిన్నాక కోయమనండి, వరిగడ్డి కలిపి కొద్దికొద్దిగా వేయమనండి. బెట్ట తర్వాత వాన పడితే వారం రోజులు ఆగమనండి.

నైట్రేటు పరీక్ష కష్టమైనది కాదు. కాండాన్ని నిలువునా చీల్చి, గంధకామ్లంలో కరిగించిన డైఫినైలమిన్ ఒక చుక్క వేస్తే నైట్రేటు ఉన్నచోట ముదురు నీలం పొంగుతుంది. గంధకామ్లం కాబట్టి చేతులు, కళ్లు జాగ్రత్త. ఉందా లేదా అన్నది కళ్లకు కనబడుతుంది, ఎంతన్నది ప్రయోగశాల చెబుతుంది. ఈ వేదిక మీద ఉన్న పెద్దలను నేను అడిగేది ఒక్కటే: గ్రామాల్లోని రైతు సేవా కేంద్రాల్లో, పశువుల ఆసుపత్రుల్లో ఆ డైఫినైలమిన్ సీసా ఒకటి, మిథిలీన్ బ్లూ ఒకటి ఈ ఖరీఫ్‌కే చేరేలా చూడండి. వాటిని వాడడం తెలిసినవాళ్లు ఇదిగో, మీ ఎదుటే కూర్చున్నారు.