మాజీ సైనికుల సేవా పత్రములు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. రెండు ప్రపంచ యుద్ధములకును ఆ యూరినుండి యువకులు తరలిపోయిరి. అంతటి పేరు లేకున్నను, ఒకరిద్దరు మాజీ సైనికులున్న గ్రామములు మనకు కొల్లలు. ఆ సైనికుడు జీవించియున్నంత కాలము ఆయన కాగితముల మాట ఎవరికిని తోచదు. ఆయన కన్నుమూసి, భార్య కుటుంబ పింఛనుకొరకు బయలుదేరినప్పుడు గదా చిక్కులు బయటపడునది!

ఇట్టి చిక్కులలో మేము తరచుగా వినునది పేరునకు సంబంధించినది. సైనిక పత్రములలో భార్య పేరు సుబ్బమ్మ. ఆధార్ కార్డులో వెంకట సుబ్బలక్ష్మి. ఊరిలో ఎవరికిని సందేహము లేదు. కాని ఎక్కడో దూరముననున్న గుమాస్తాకు ఆమె ముఖము తెలియదు, కాగితము మాత్రమే తెలియును. ఆ రెండు పేర్లును ఒక్కరివేనని రుజువు చూపుమని ఆయన వ్రాయును. ఆ జాబు చేతబట్టుకొని ఆ వృద్ధురాలు మీ పంచాయతీ కార్యాలయమునకే వచ్చును.

ఈ పత్రములెక్కడ నుండును? అన్నియు ఢిల్లీలో నుండునని పలువురి తలంపు. అది సరికాదు. పదాతి దళ సిపాయిల పత్రములు ఆయా రెజిమెంటు రికార్డు కార్యాలయములోను, తక్కిన వారివి ఆయా దళముల కార్యాలయములలోను ఉండును. మద్రాసు రెజిమెంటువారివి నీలగిరులలోని వెల్లింగ్టనులోను, మద్రాసు ఇంజనీరు గ్రూపువారివి బెంగుళూరులోను, ఫిరంగి దళమువారివి నాసిక్ రోడ్డులోను ఉన్నవి. ఇ.ఎం.ఇ., ఆర్డినెన్సు దళములవారివి మన సికింద్రాబాదులోనే కలవు. నావికులకు ముంబయి, వైమానిక దళ సిబ్బందికి ఢిల్లీ.

కావున దరఖాస్తులో సైనికుని సేవా సంఖ్య, హోదా, పేరు, దళము తప్పక వ్రాయవలెను. ఇవి డిశ్చార్జి పుస్తకములోను, పింఛను ఉత్తరువులోను దొరకును. అవి పోయినచో పెట్టె అడుగున వెదకుడు. పతకముల అంచుమీద సంఖ్యయు పేరును చెక్కియుండుట కద్దు. పిల్లలు ఆటలాడుకొను ఆ బిళ్ళయే ఒక్కొక్కప్పుడు దారి చూపును.

సర్వీసులో నుండగా జరిగిన వివాహము, బిడ్డల జననము పార్టు టూ ఆర్డరు అను ఉత్తరువు ద్వారా పత్రములకెక్కును. ఎక్కనిచో, సైనికుడు తాను సంతకము చేసి పంపు దరఖాస్తుకును, ఆయన అనంతరము భార్య కూడగట్టుకొనవలసిన సాక్ష్యములకును ఎంతో భేదము కలదు.

మరియొక సంగతి. పింఛను లేక విడుదలైనవారి పత్రములను 25 సంవత్సరముల గడువు దాటిన పిమ్మట నశింపజేయుట నియమము. లాంగ్ రోల్ అను పట్టికలో క్లుప్త వివరములు మాత్రము మిగులును. అట్టివారి ఇంటనున్న డిశ్చార్జి పుస్తకము చెదల పాలైనచో దానికి సాటియైన పత్రము మరల దొరకుట దుర్లభము.

దరఖాస్తు వ్రాయుటలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము తోడ్పడును. జవాబు రానిచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో ఆ రికార్డు కార్యాలయమునే అడుగవచ్చును. సాధారణముగా 30 దినములలో బదులీయవలెను. అడుగువారు సైనికునికి తామేమగుదురో తెలుపు ఆధారమును జతపరచుట మేలు.

ఇక మీ చేతిలోనున్న పని. మరణమును 21 దినములలో తెలిపి నమోదు చేయింపవలెను. మాజీ సైనికుడు మరణించినప్పుడు, ఆయన డిశ్చార్జి పుస్తకమును తెప్పించి, అందలి పేరుతో సరిచూచిన పిమ్మటనే వివరములు వ్రాయుమని పంచాయతీ కార్యదర్శికి చెప్పుడు. ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను ఉన్నను దరఖాస్తు తిరిగివచ్చుట కలదు. జీవించియున్నవారి ఇండ్లకు మీరే వెళ్ళి, భార్య పేరు ఏ పత్రములో ఎట్లున్నదో ఇప్పుడే చూడుడు.