ఎండాకాలంలో ఫోను బ్యాటరీ

బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే చార్జింగు పెట్టాలని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. 1991లో సోనీ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి ఆ పథ్యం చేటే. సున్నా దాకా దించడమూ, నూరు శాతం దగ్గర గంటల తరబడి ఉంచడమూ రెండూ దానికి పడవు. 20, 80 శాతాల మధ్య తిరిగితే మేలు. చాలా కొత్త ఫోన్లలో 80 దగ్గర చార్జింగు ఆపే సెట్టింగు ఉంటుంది, వెతికి పెట్టుకోండి.

అసలు శత్రువు మాత్రం వేడి. వేడికి లోపలి రసాయనాలు త్వరగా పాడవుతాయి. అలా తగ్గిన సామర్థ్యం మళ్లీ రాదు. 35 డిగ్రీలు దాటిన చోట ఐఫోన్ వాడొద్దని ఆపిల్ కంపెనీ చెబుతుంది. మే నెలలో ఎండలు మండే మన రెంటచింతల, రామగుండం వాసులు ఈ మాట వింటే నవ్వుకుంటారేమో! అయినా చేయగలిగింది ఉంది. ఎండలో నిలిపిన కారులో ఫోను వదలకండి. బైకు హ్యాండిల్‌కు తగిలించి, మ్యాపులో దారి చూసుకుంటూ, పైగా చార్జింగు కూడా పెట్టారంటే దానికి మూడు వైపులా మంటే. దిండు కింద ఫోను ఉంచి చార్జింగు పెట్టడమూ ప్రమాదమే. వేడెక్కితే కవరు తీసి నీడన పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, తేమ చేరుతుంది.

వేడి సంగతి అలా ఉంచితే, రైలు ప్రయాణంలో సిగ్నల్ అందనప్పుడు ఫోను టవర్ కోసం వెతుకుతూ చార్జింగు తినేస్తుంది. అప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్ మంచిది.

ఇక వాడని ఫోను దాచాలంటే సగం చార్జింగుతో స్విచాఫ్ చేసి చల్లని చోట ఉంచండి. బ్యాటరీ ఉబ్బిందా, నొక్కకండి, గుచ్చకండి, చార్జింగు పెట్టకండి. నేరుగా సర్వీసు సెంటరుకు తీసుకెళ్లండి.