కమిలిన గాయము చెప్పే కథ

ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం ముగించి, భోజనాలకు లేవవలసిన వేళ నన్ను శాస్త్ర విషయం మాట్లాడమన్నారు మన కార్యదర్శిగారు. ఆకలిగొన్నవారిని ఎక్కువసేపు నిలిపి ఉంచే ధైర్యం నాకు లేదు.

పిల్లవాడు ఆటలో పడి మోకాలు కొట్టుకొని వస్తాడు. చర్మం చిట్లదు గాని ఆ చోటు కమిలి నల్లబడుతుంది. కొన్నాళ్ళకు ఆకుపచ్చగా, ఆపైన పసుపుపచ్చగా మారి మాయమవుతుంది. మన భాషలో పచ్చ అనే మాట ఆకుకూ పసుపుకూ కూడా చెల్లుతుంది. ఈ గాయం రెండు పచ్చలనూ వరుసగా చూపిస్తుంది.

చర్మం క్రింద చిందిన ఎర్రకణాలలో హీమ్ అనే పదార్థం ఉన్నది. దాని నడుమ ఇనుము. కట్టుబాటులో ఉన్నంతకాలం అది ప్రాణవాయువును మోసే సేవకుడు. కట్టు తప్పిందా, ప్రక్క కణాల పొరలను కాల్చే నిప్పు. అప్పుడు కణాలు హీమ్ ఆక్సిజినేజ్ అనే ఎంజైమును విరివిగా తయారుచేసుకొంటవి. 1968లో టెన్హునెన్, మార్వర్, ష్మిడ్ అనే ముగ్గురు దీనిని వర్ణించారు. ఇది హీమును విరగగొట్టగా ఆకుపచ్చని బిలివర్డిన్, ఇనుము, రవంత కార్బన్ మోనాక్సైడు వస్తవి. ఇనుమును ఫెర్రిటిన్ అనే ప్రోటీను తనలో దాచుకొంటుంది. బిలివర్డిన్‌ను మరొక ఎంజైము పసుపుపచ్చని బిలిరుబిన్‌గా మారుస్తుంది. ఇక మోనాక్సైడంటారా, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినవారిని చంపేది అదే. కాని కణంలో పుట్టే ఆ రవంత, వాపును అణచడానికి తోడ్పడుతుందని ప్రయోగశాలలలో తేలినది.

దెబ్బకే కాదు, వేడికి, విషలోహాలకు, అతినీలలోహిత కిరణాలకు కూడా ఈ ఎంజైము మేల్కొంటుంది. పసుపులోని కర్కుమిన్ దీనిని రేపుతుందని గాజుపాత్రలలో పెంచిన కణాలపై చూచారు. మన వంటింటికి ఎంత కీర్తి అని పొంగిపోకండి. తిన్న కర్కుమిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం.

ఇది లేకపోతే ఏమవుతుంది? 1999లో జపాను వైద్యులు పుట్టుకతోనే ఈ ఎంజైము కొరవడిన ఆరేండ్ల బాలుని సంగతి ప్రకటించారు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, చెడిన జన్యువులు రెండూ వానికే వచ్చినవి. ఎర్రకణాలు పగిలిపోయేవి, రక్తనాళాల లోపలి పొర దెబ్బతిన్నది, వాపు తగ్గేది కాదు. ఆ బిడ్డ దక్కలేదు.

1987లో స్టాకర్ బృందం బిలిరుబిన్ కూడా కణాలకు రక్షకం కావచ్చునని సూచించినది. ఆ చదువు నా తలకెక్కింది. మా అమ్మాయి బిడ్డ పుట్టిన మూడవనాడు పసుపుపచ్చగా కనబడితే, "భయంలేదు, అది మేలుచేసేదే, కాస్త ఎండ చూపండి" అన్నాను. రెండు రోజులు గడిచినవి. నా ఇల్లాలు ఏమీ చదువుకోలేదు. ఆమె బిడ్డ అరికాళ్ళు నాకు చూపించి, "ఇక్కడికి కూడా దిగింది, లేవండి" అన్నది. పసికందు కాలేయం బిలిరుబిన్‌ను త్వరగా బయటకు పంపలేదు. అది హద్దు మీరి పేరుకొంటే మెదడుకెక్కి వినికిడిని, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్నే తీస్తుంది. ఆసుపత్రిలో రక్తం పరీక్షించి, ఆ క్షణమే నీలికాంతి దీపాల క్రింద పడుకోబెట్టారు. ఆ రాత్రి వరండాలో నేను కూర్చోలేకపోయాను.

ఆ మనుమడే ఇప్పుడు ముందు వరుసలో కూర్చొని, తాతయ్య ఎప్పుడు ముగిస్తాడా, బొబ్బట్లు ఎప్పుడు వడ్డిస్తారా అని నావంక చూస్తున్నాడు.